మన చిన్న కూటములు



గడచిన మాసమున మాకందిన యుత్తరములలో నొకటి పలుదినములు మా మనసున మెదలుచుండెను. వ్రాసినయామె పేరును, ఊరును ఇచ్చట చెప్పము. చెప్పకుండుటకు గల కారణము ఈ వ్యాసము చదువుచుండగనే మీకు తెలియగలదు.

ఆమె కోస్తా జిల్లాలలో పుట్టి పెరిగి, భర్త యుద్యోగమువలన రెండేండ్ల క్రిందట హైదరాబాదు చేరినది. అచ్చట వారు పోవు మందిరమున ఆదివారము మూడు ఆరాధనలు జరుగునట. ఒక్కొక్క దానికి ఏడెనిమిదివందల జనము. పాటలు బాగుండును, ప్రసంగము బాగుండును, బండ్లు నిలుపుకొనుటకు చోటు చూపించు మనుష్యులు కూడ గలరు. "రెండేండ్లలో నా పేరడిగినవారు లేరు. మా చిన్నదానికి డెంగీ జ్వరము వచ్చి మూడాదివారములు నేను పోలేదు. నాలుగవ యాదివారము పోయినపుడు గుమ్మమువద్ద నిలిచిన పిల్ల నవ్వుచు స్వాగతము చెప్పి, క్రొత్తగా వచ్చితిరా అండీ యని యడిగినది" అని యామె వ్రాసినది.

ఆ సంఘమువారే ఆమె యుండు వీథిలో శుక్రవారపు సాయంకాలము ఒక యింట చిన్న కూటము జరుపుచున్నారు. పోవలెనని యున్నది, పోవుటకు భయముగను ఉన్నది. ఏలయన, పుట్టినింటి యూర అట్టి కూటమునందే ఆమె యక్క తన సంసారపు మాట యొకటి ప్రార్థన కొఱకని చెప్పుకొనగా, వారము తిరుగకమున్నే అది బజారున పడినదట. భర్తయా, "ఆదివారము పోవుచున్నాము గదా, ఇంక నేమి తక్కువైనది?" అనుచున్నాడు. పోవుదునా, మానుదునా యని మమ్మడుగుచున్నది.

పొమ్మనియే మా యుత్తరము. కాని ఆమె భయము వట్టి భయము కాదు. అందుచేత ఒక్కమాటతో సరిపుచ్చక ఈ మాసపు శీర్షిక యంతయు దీనికే వినియోగించుచున్నాము.

మొదట ఆ భర్తగారి ప్రశ్న చూతము. పెద్ద యారాధనను మేము తక్కువ చేయము. వందలమంది గొంతెత్తి పాడు కీర్తనలో నొక బలమున్నది, అది చాపమీద కూర్చున్న పదిమందికి రాదు. అయితే ఎనిమిదివందల మందిలో ఒకరు వచ్చుట కనబడదు, రాకపోవుటయు కనబడదు. అది ఎవరి దోషమును గాదు, లెక్కయే అట్టిది. పాస్టరుగారెంత మంచివారైనను ఒక్కరే గదా!

మా పేటలో గురువారపు కూటము మొదలై పందొమ్మిదేండ్లయినది. ఇప్పుడు పదునొకండుగుర మున్నాము. ఉద్యోగవిరమణ చేసిన పంతులమ్మ లిద్దఱు, కుట్టుపనిచేయు సోదరి యొకతె, అంగన్‌వాడీలో పనిచేయు నామె యొకతె, మిగిలినవారు గృహిణులు. అందఱికంటె పెద్దయామెకు అక్షరము రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో మాత్రము ఏ పాట యెత్తుకొన్నను కడపటి చరణమువఱకు తడుముకొనక పాడును. ఆమెను అందఱము పెద్దమ్మ యందుము. కూటము నాలుగు గంటలకు, అనగా నాలుగుమ్ముప్పావునకు. వంతు ప్రకారము ఒక్కొక్క వారము ఒక్కొక్కరి యింట. రెండు చాపలు, మోకాళ్ళ నొప్పులవారికి మూడు కుర్చీలు. ఒక కీర్తన, ఒక యధ్యాయము, దానిపై తోచినవారు తోచిన మాట. తరువాత ఎవరి వారము ఎట్లు గడచినదో వారు చెప్పుకొందురు. ప్రార్థన. టీ. ఆఱింటికి ఇండ్లకు.

వంతు గలయామె టీకి తోడు బిస్కత్తులకంటె నధికముగ నేమియు పెట్టరాదని మాలో నొక నియమము. ఇది పిసినితనమని తొలుత కొందఱనుకొనిరి. ఈ నియమము లేనినాడు బజ్జీలతో మొదలై పులిహోర, జాంగ్రీలవఱకు పోయినది. చేతిలో డబ్బు లేని యొక సోదరి తన వంతు వచ్చునప్పటికి జ్వరమని కబురు పంపుచుండెను. రెండవమారును అట్లే జరిగిన పిమ్మటగాని మాకు బుద్ధి రాలేదు.

పదునొకండుగురిలో ఒకరు రానిచో చాపమీద చోటు కనబడును, టీ గ్లాసొకటి మిగులును. ఇంటికి పోవుత్రోవలో ఎవరో యొకరు ఆ తలుపు తట్టుదురు. కూటమువలన కలుగు మేలులో సగము ఈ తట్టుటలోనే యున్నదని మా యభిప్రాయము.

నాలుగేండ్ల క్రిందట కుట్టుపనిచేయు సోదరి భర్తకు పక్షవాతము వచ్చి, జిల్లా కేంద్రములో ఆసుపత్రిని ఇరువదియొక్క దినము లుండవలసి వచ్చెను. ఆమె రెండవ గురువారము రాలేదు గనుక మాకు తెలిసినది, లేనిచో చెప్పుకొను స్వభావము గాదామెది. బడికి పోవు పిల్లలిద్దఱు ఒకరి యింట తిని పండుకొనిరి. ఉదయపు బస్సులో వంతులవారీగా క్యారియరు పోయినది. ఇదంతయు ఎక్కడనైనను జరుగునదే. కాని ఆమె మనసును ఎక్కువగ కలచినది వేఱొకటి యని మూడవనాడు బయటపడెను: అవి పెండ్లి దినములు, గడువు చెప్పి తీసికొన్న జాకెట్లు పదునాలుగు కత్తిరించినవి కత్తిరించినట్లే మిషనుమీద నున్నవి. అవి తిరిగి యిచ్చివేసినచో ఆ డబ్బు పోవును, ఆ యిండ్లవారు మఱల రారు. మాలో మిషను త్రొక్కగలవారు ముగ్గురు. మిగిలినవారము కాజాలు కుట్టితిమి. చత్వారము వచ్చిన పంతులమ్మగారు సూదిలో దారమెక్కింపలేక మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని హుక్కులు కుట్టినది. ఒక జాకెట్టు చేయి పొట్టియైనది, తిట్లు మేము తింటిమి. పిమ్మట ఆయనకు వికలాంగుల పింఛను కొఱకు సదరం ధ్రువపత్రము కావలసి వచ్చినపుడు ఎచ్చటికి పోవలెను, ఏ కాగితములు పట్టుకొనవలెనను సంగతి అంగన్‌వాడీ సోదరికి తెలియును. ఆమెయే వెంట తిరిగినది.

ఇప్పుడు మాకును వాట్సాప్ గుంపొకటి కలదు. ఎవరికైన కష్టమని వార్త రాగానే పది జోడించిన చేతుల బొమ్మలు వచ్చి పడును. అవి చూచి ఊరట పొందినవారున్నారు, కాదనము. కాని ఆ బొమ్మ పంపినయామె తన వంతు తీరినదనుకొని ఫోను ప్రక్కన బెట్టును. ఈ మాట మమ్ము మేమెఱిగియే వ్రాయుచున్నాము.

ఇండ్లలో పదిమంది కూడుట నేటి నగరపు సంఘములవారు కనిపెట్టిన పద్ధతి యని కొందఱనుకొందురు. మొదటి విశ్వాసులకు మందిరములే లేవు. యెరూషలేములో మార్కు తల్లియైన మరియ యింట రాత్రివేళ ప్రార్థన జరుగుచుండగా, చెఱసాలనుండి విడుదలయైన పేతురు వచ్చి తలుపు తట్టెను. రొదే యను చిన్నది ఆ గొంతు గుర్తుపట్టి, సంతోషముచేత తలుపు తీయుట మఱచి లోపలికి పరుగెత్తిన కథ మనకందఱకు తెలియును. ఫిలిప్పీలో ఊదారంగు సరకు అమ్ముకొను లూదియ యిల్లు, అకుల ప్రిస్కిల్లల యిల్లు, ఇట్లు ఎన్నియో. ఆ పుస్తకములో ఇండ్ల పేరులు చెప్పినచోట ఇల్లాండ్ర పేరులు కూడ చెప్పియుండుట గమనింపదగినది.

ఇంగ్లండులో లింకన్‌షైరునందలి ఎప్‌వర్తు గ్రామమున 1711-12 శీతకాలమున ఇట్టిదే జరిగినది. అచ్చటి గురువు సామ్యుయేలు వెస్లీ సభాకార్యములమీద లండనులో నుండగా, ఆయన భార్య సుసన్న ఆదివారపు సాయంకాలములు తన పిల్లలకును పనివారికిని వంటయింట ప్రసంగములు చదివి వినిపించుచుండెను. పనివాని తలిదండ్రులు వత్తుమనిరి, తరువాత ఇరుగుపొరుగువారు. కొలది కాలమునకే రెండువందలకు మించి వచ్చి నిలువ చోటులేక తిరిగిపోవుచుండిరి. గురువుగారికి బదులుగా పనిచేయుచున్న ఉపగురువునకిది గిట్టలేదు. స్త్రీ యేమి, కూటము జరుపుటయేమి యని లండనుకు వ్రాసెను. భర్త మానుమని సూచింపగా, ఆమె యిచ్చిన ప్రత్యుత్తరపు సారాంశ మిది: మానుమని మీ యభిప్రాయము మాత్రము తెలిపిన చాలదు, స్పష్టముగ ఆజ్ఞాపింపుడు, అప్పుడు తీర్పుదినమున ఆ బాధ్యత మీదగును, నాది గాదు. ఆయన మఱల ఆ ప్రస్తావన తేలేదు. ఆ వంటయింట కూర్చున్న పిల్లలలో ఎనిమిదేండ్ల జాన్ వెస్లీ యొకడు.

ఆ జాన్ వెస్లీ పెద్దవాడైన పిమ్మట, 1742 ఫిబ్రవరిలో బ్రిస్టలు నగరమున మందిరము కట్టిన యప్పు తీర్చుటెట్లని ఆలోచన జరిగెను. తలకొక పెన్నీ చొప్పున వారమువారము వసూలు చేయుదమని ఫాయ్ అను కెప్టెనొకరు చెప్పిరి. పేదవారియ్యలేరని మఱియొక రనగా, "మిక్కిలి పేదవారిని పదునొకండుగురిని నాకప్పగింపుడు. వారియ్యలేనిది నేనే పూడ్తును" అను భావముతో బదులు చెప్పిరి. ఇట్లు పన్నెండుగురికొకరు చొప్పున ఏర్పడి, పెన్నీలకొఱకు ఇల్లిల్లు తిరుగసాగిరి. తిరుగగా, ఎవరింట జబ్బున్నదో, ఎవరింట జగడమున్నదో, ఎవరు త్రాగుడులో పడిరో కనబడసాగెను. అప్పు కొఱకు పెట్టిన యేర్పాటు మనుష్యులను కనిపెట్టి చూచు నేర్పాటైనది. అందుకే దానిని విడువక స్థిరపఱచిరి.

ఇల్లిల్లు తిరుగుట మాని వారందఱు వారమునకొకసారి ఒకచోట కూడుట కేల మారిరో దానికి వెస్లీ చెప్పిన కారణములలో నొకటి మన స్త్రీలు మనసున పెట్టుకొనదగినది. ఆ సభ్యులలో పలువురు పరుల యిండ్లలో పనివారు. యజమానులు వారిని చూడ లోనికి రానిత్తురా? ఇచ్చినను నలుగురి యెదుట పనిపిల్ల యేమి చెప్పుకొనును? ఈ ముక్క చదివినపుడు మాకు మన కోడండ్రు జ్ఞాపకమునకు వచ్చిరి. మనము వారి యింటికి పోయి "బాగున్నావా అమ్మా" యందుము. అత్తగారు ప్రక్కనే బియ్యమేరుచుండును. "బాగున్నానండీ" యనక పాపము ఆ పిల్ల మఱేమనును? గుమ్మము దాటి ఒక గంట కూర్చుండు చోటు ఆమెకుండవలెను. చాలమందికి ఆ చోటు ఈ కూటమే.

మన తెలుగుదేశపు మాట యొకటి చెప్పి మా సంగతికి వత్తుము. ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3వ తేదీని ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరను సంగతి సండేస్కూలు పిల్లలు కూడ అప్పగింతురు. దానికి ఇరువదినాలుగేండ్ల ముందు, 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున, ఒంగోలు ప్రక్కనున్న కొండయెక్కి ప్రార్థించినవారు అయిదుగురు. జూయెట్టు దొరగారు, దొరసానిగారు, నర్సు అను తెలుగు బోధకుడు, జూలియ, రూతు అను తెలుగు స్త్రీలిద్దఱు. అప్పటికి ఆ మిషను నడపుటయా, మూసివేయుటయా యని అమెరికాలో తర్జనభర్జనలు జరిగిన దినములు. ఆ చలిలో చీకటిని కొండయెక్కిన ఇద్దఱు తెలుగు స్త్రీల పేరులు మనలో ఎందఱి కంఠమున నున్నవి? రెండువేల రెండువందల యిరువది రెండు మాత్రము ఎవరును మఱువరు.

ఇక మా సోదరి భయమునకు వత్తము.

ఏడేండ్ల క్రిందట మా పేటకొక క్రొత్తకోడలు వచ్చినది. మూడు నెలలకు మా గురువారపు కూటమున చేరినది. మాకందఱకు చిన్నది గనుక ముద్దుగా చూచుకొంటిమి. ఒక వారము తన వంతు మాటాడునపుడు, పుట్టినింటివారు పెట్టిన గాజులు భర్త తాకట్టుపెట్టి ఆ డబ్బు క్రికెట్టు పందెములలో పోగొట్టినాడనియు, అత్తమామలకు ఇంకను తెలియదనియు చెప్పి యేడ్చినది. ప్రార్థించితిమి. పెద్దమ్మ ఆ పిల్ల తల ఒడిలో పెట్టుకొన్నది.

ఆ యాదివారము మందిరము వెలుపల చెట్టుక్రింద ఒక స్నేహితురాలు, "ఆ కొత్తమ్మాయి చిక్కిపోయిందేమిటి వదినా?" అని యడిగినది. "పాపం, ప్రార్థన చేయండి వదినా" అని మొదలుపెట్టి గాజుల సంగతి చెప్పుట జరిగినది. ఆ స్నేహితురాలు మంచిది. ఆమెయు ప్రార్థన కొఱకే మఱియొకతెకు చెప్పినది. పదిదినములలో ఆ మాట పిల్ల పుట్టినయూరు చేరి, తండ్రి మొగమెఱ్ఱజేసికొని వచ్చి వియ్యంకుల గుమ్మములో నిలిచెను. వీథియంతయు చూచినది. ఆ రాత్రినుండి ఆ పిల్లకు కూటము లేదు.

చెట్టుక్రింద మాటాడిన ఆ నోరు మాదే. మాలో నొకరిదని వ్రాసి తప్పించుకొనవచ్చును. ఈ శీర్షికలో "మేము" అను మాట వాడుటలో ఆ సౌకర్యమున్నది. కాని వ్రాయుచున్న ఈ చేతి గలయామెయే చెప్పినది. ప్రార్థింపుమని అడిగితిమి గనుక అది కొండెము గాదని అప్పుడు మా మనసునకు నచ్చజెప్పుకొంటిమి. ఆ పిల్ల పేరెత్తి, ఆ గాజుల సంగతి వినిపించి, "పాపం" అని నిట్టూర్చునప్పుడు ఆ మాటలో మాకు కొంచెము రుచి తోచినదను సంగతి చాలదినములకు గాని ఒప్పుకొనలేకపోతిమి. పెద్ద రహస్యము మనకు తెలియునని యెదుటివారికి తెలియజేయుటలో నుండు రుచి యది.

క్షమాపణ కోరుటకు పోతిమి. అత్తగారే తలుపు తీసినది. కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చినది. ఆమె యెదుట ఏమి మాటాడగలము? ఎండలనుగూర్చి మాటాడితిమి. గేటువఱకు వచ్చి ఆ పిల్ల, "మీకు చెప్పకుండా ఉంటే బాగుండేది అక్కా" అన్నది. కోపముతో ననలేదు. అంతకంటె తిట్టినచో బాగుండెడిది.

తరువాతి గురువారమున కూటములో ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఎవరును ఏమియు ననలేదు. కొంతసేపటికి పెద్దమ్మ, "మనలో ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒక చోట చెప్పే ఉంటాం. నీది బయటపడింది" అన్నది. అంతటితో మమ్ము విడిచిపెట్టినది గాని, ఆ పిల్లను విడిచిపెట్టలేదు. ప్రతి గురువారము ఇంటికి పోవుచు ఆ గేటుయొద్ద ఒక్క నిమిషము నిలిచి, "అమ్మాయ్, బాగున్నావా? వెళ్ళొస్తా" అని కేకవేసి సాగిపోవును. లోపలికి రమ్మన్నను పోదు. కూటమునకు రమ్మని అడుగదు. పదమూడు నెలలు అట్లు చేసినది. అత్తగారే అలవాటుపడి, ఒక వారము ఆమె రానప్పుడు "మీ ముసలామె కేమైన నలతగా ఉన్నదా?" యని మనుష్యుని పంపినది.

మఱుసటి సంవత్సరపు శ్రమదినములలో ఆ పిల్ల చంటిబిడ్డను చంకనెత్తుకొని తానే వచ్చి చాపమీద కూర్చున్నది. ఇప్పుడు మానక వచ్చుచున్నది. పాడును, నవ్వును, ఒకరికి జబ్బుచేసినచో అందఱికంటె ముందామెయే లేచును. తన యింటిమాట మాత్రము నేటివఱకు ఒక్కటియు ఆ చాపమీద చెప్పలేదు. తన వంతు వచ్చినపుడు, "అంతా బాగానే ఉందండీ" యని ప్రక్కయామె వంక చూచును.

అప్పటినుండి మేము పాటించుచున్న పద్ధతులు చెప్పుదుము. మాటలు మొదలు పెట్టకమున్ను, ఇంటియామె "ఇక్కడిది ఇక్కడే" యని పైకి చెప్పును. ప్రతి వారము అదే మాట యనుట తొలుత నవ్వు తెప్పించినది, ఇప్పుడలవాటైనది. ప్రార్థనావసరము బయటివారికి చెప్పవలసియున్నచో ఆమెనే యడుగుదుము: చెప్పవచ్చునా, ఎంతమట్టుకు? ఫోను గుంపులో కూటము జరుగు నిల్లు, వేళ తప్ప సంసారపు మాట వ్రాయరాదు. ఆ గుంపులోని మాట ఎవరి యింట ఏ పిల్లవాని చేతిలో తెఱచుకొనునో ఎవరికి తెలియును? రాని యామెనుగూర్చి మాటాడరాదు, మంచియైనను సరే. ఈ చివరిది మిక్కిలి కష్టము. వెస్లీ తన సన్నిహితుల చిన్న కూటమునకు పెట్టిన నియమములలో మొదటిది ఇచ్చట పలికినది మఱల పలుకరాదనుటయే యని తరువాత చదివి తెలిసికొంటిమి. ఇన్నూఱేండ్లకు మునుపే ఇంగ్లండులోను చెట్లక్రింద మాటలు జరిగినవి కాబోలు.

ఇచ్చట ఒక మినహాయింపు చెప్పకున్న మాకు దోషము వచ్చును. భర్త కొట్టుచున్నాడని ఒకతె చెప్పినచో, రహస్యమనుపేర చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. "ఓర్చుకో అమ్మా, ప్రార్థించు, మారుతాడు" అని పంపివేసిన కూటములను మేమెఱుగుదుము. అట్లు పంపబడి చేయి విరిగి వచ్చిన యామెనెఱుగుదుము. గృహహింసనుండి స్త్రీలను కాపాడు చట్టము 2005లో వచ్చినది. 181 అను సంఖ్యకు ఫోను చేసినచో స్త్రీలకు సహాయము దొరకును. ప్రాణమునకే అపాయమైనచో 112. ఆమె సరే యన్నపుడు వెంట ఇద్దఱు పోవలెను, ఆ రాత్రి పండుకొనుటకు ఒక మంచము చూపవలెను. అప్పుడును ఊరంతకు చెప్పవలసిన పనిలేదు.

డబ్బు మాట కూడ. పదిమంది స్త్రీల గుంపనగానే మన రాష్ట్రములలో పొదుపు సంఘము జ్ఞాపకమునకు వచ్చును. ఆ సంఘములు మన స్త్రీలకు చేసిన మేలు తక్కువది గాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాత్రిబడికి చదువుకొన వచ్చిన స్త్రీలు ఒకరి కష్టమొకరు చెప్పుకొనుటలోనుండియే సారా వ్యతిరేకోద్యమము పెరిగి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధమువఱకు పోయినది. అదియు చిన్న కూటములోని మాటయే గదా. కాని అప్పు, ప్రార్థన ఒక్క చాపమీద నడుపరాదని మా యనుభవము. అయిదువేల రూపాయల బదులు వలన మాలో ఇద్దఱు ఎదురెదురు కూర్చుండలేక, ఒకరు మానివేసిరి. సహాయము చేయదలచినచో ఊరకనే యిచ్చి మఱచిపోవుడు.

ఉత్తరము వ్రాసిన సోదరీ, శుక్రవారము పోయి చూడుము. మొదటిదినముననే మనసు విప్పవలదు. మూడు నాలుగు వారములు విను. నీకు గమనింపవలసినది ఒక్కటే: ఆ దినము రాని యామెనుగూర్చి వారేమి మాటాడుకొందురు? ఆమె యింటికి పోయివత్తమని లేచినచో అచ్చట కూర్చుండుము. ఆమె సంసారమును చాపమీద ఆరబోసినచో, టీ త్రాగి వందనములు చెప్పి వచ్చివేయుము. రేపు ఆరబోయబడునది నీదే.

అట్టి కూటమే గనుక దొరకనిచో నీ యింటనే ఒకటి పెట్టవచ్చును. నాకు మాటాడుట చేతకాదందువు. మదర్స్ యూనియన్ అను తల్లుల సంఘమును 1876లో స్థాపించిన మేరీ సమ్నరుగారు, తన యింట మొదటిసారి తల్లులు కూడినదినమున నోట మాట రాక, వచ్చే వారము రండని వారిని పంపివేసినది. వారు వచ్చే వారము వచ్చిరి. నేడు ఆ సంఘము పలుదేశములలో నున్నది. నీ మెట్లమీది యిల్లు, ఎదురింటి తమిళపు సోదరి, క్రింది యంతస్తులో ఒంటరిగ నుండు ముసలమ్మగారు, ముగ్గురైనను చాలును. భర్తగారికి మాత్రము శుక్రవారము నాలుగునుండి ఆఱువఱకు పిల్లలను చూచుకొనవలసియుండునని ముందుగనే చెప్పుము.

ఈ గురువారము మా వంతు. పెద్దమ్మ మొన్న కంటికి శుక్లము తీయించుకొన్నది గనుక ఆమెను ఆటోలో తీసికొనిరావలెను, వెలుతురు పడని మూల కుర్చీ వేయవలెను. ఆమెను తీసికొనివచ్చుట తన పనియని, ఆ పిల్ల నిన్న గేటుయొద్ద నిలిచి చెప్పిపోయినది.